బాపు చేతికి ఎర్తింగ్

మేడ మీద ఆన్‌లైన్ క్లాసు ముగించుకుని కిందికి వచ్చేసరికి మా బాపు నీళ్ళ కుళాయి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కుడి మణికట్టుకు రాగి తీగ చుట్టి ఉంది. తీగ రెండో కొస కుళాయి ఇనప గొట్టానికి బిగించి ఉంది. చెయ్యి బకెట్లో మునిగి ఉంది. అమ్మ గుప్పెడు గుప్పెడుగా ఆ బకెట్లో ఉప్పు వేస్తోంది. ఇద్దరి ముఖాల్లోనూ వ్రతం పీట మీద కూర్చున్నప్పటి శ్రద్ధ.

“ఏంది బాపూ ఇది?”

“ఎర్తింగ్,” అన్నాడు బాపు. ఇంకేం అడుగుతావన్నట్టు చూశాడు.

నేను జీవశాస్త్రంలో డిగ్రీ చేశాను. పదకొండో తరగతి పిల్లలకు ట్యూషన్లు చెప్పి బతుకుతున్నాను. అంత చదువున్న నాకు ఆ క్షణంలో తోచిన శాస్త్రీయమైన ప్రశ్న ఒక్కటే.

“ఎవరన్న సూస్తే?”

“సూడనీ. చెయ్యి మంచిగైనంక వాళ్ళే తీగ అడుక్కపోతరు,” అంది అమ్మ.

నవ్వే ముందు వాళ్ళ తర్కం చెప్పాలి. బాపు నడిపే సూరత్ మరమగ్గాల మీద తిరిగేది పత్తి కాదు, పాలిస్టర్. చలికాలం గాలి పొడిబారితే ఆ దారంలోనే కరెంటు పుడుతుంది. ముట్టుకుంటే చురుక్కుమంటుంది, చేతిమీది వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అందుకే షెడ్డులో పాతవాళ్ళు దారం మీద చెయ్యి వేసే ముందు మగ్గం ఇనుమును ఒకసారి తాకుతారు. మగ్గాలకు ఎర్తు తీగ ఉంటుంది. ఆ తీగ దిగే గుంటలో ఉప్పూ బొగ్గూ వేసి, ఎండాకాలంలో నీళ్ళు పోస్తారు. బాపు చెయ్యి పెళ్ళికి ముందు నుంచీ ఆ కరెంటు తాగుతోంది. లాక్‌డౌన్ వచ్చి ఇనుమును తాకడం మానేసింది. కాబట్టి తాగిన కరెంటంతా దిగే దారి లేక లోపలే పేరుకుని చేతిని పట్టేసింది. మగ్గానికి చేసే వైద్యం చేతికి చేస్తే సరి. ఈ సిద్ధాంతంలో లోపం ఒక్కటే, అది నిజం కాదు.

అసలు జరిగింది వేరు. దానికి కరెంటుతో కాదు, నిద్రతో సంబంధం.

లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగిపోయాయి. సూరత్ శివారు వడోద్‌లో మా గల్లీలో ఉన్న కార్మికుల్లో సగంమంది రైళ్ళు దొరికిన వెంటనే ఊళ్ళకు వెళ్ళిపోయారు. మేము వెళ్ళలేదు. షెడ్డు సేఠ్ తాళంచెవులు బాపుకు ఇచ్చి, రోజూ ఒకసారి చూసి రమ్మన్నాడు. బాపుకు పని లేకపోవడం కంటే పెద్ద కష్టం నిశ్శబ్దం. చిన్నప్పటి నుంచీ మగ్గాల మోత పక్కనే పడుకున్న మనిషి. ఆ మోత ఆగేసరికి కంటి మీద కునుకు పోయింది. ఇంట్లో ఎన్నాళ్ళు దొర్లాడో. ఒక మధ్యాహ్నం షెడ్డు చూడటానికి వెళ్ళి, నూనె వాసనా దారం వాసనా తగిలేసరికి ఆగిపోయిన తన మగ్గం పక్కనే బల్ల మీద కూలబడి, కుడి చెయ్యి బట్ట చుట్టుకునే రోలరు మీదుగా వేలాడేసి నిద్రపోయాడు. మామూలు నిద్రయితే చెయ్యి తిమ్మిరెక్కగానే ఒళ్ళు పక్కకు తిరుగుతుంది. ఇది వారాల బాకీ నిద్ర. సాయంత్రం దాకా ఒళ్ళు కదల్లేదు.

ఇంటికి వచ్చి, “ఇగో, ఇది లేస్తలేదు,” అని చెయ్యి చూపించాడు. మోచెయ్యి వంగుతోంది, చాస్తున్నాడు. మణికట్టు మాత్రం తడిసిన తువ్వాలులా కిందికి వేలాడుతోంది. వేళ్ళు ముడుచుకుంటున్నాయి గానీ తెరుచుకోవడం లేదు. అమ్మ “పక్షవాతం” అనబోయి, ఆ మాట నోట్లోనే ఆపుకుంది. నేను బాపును నవ్వమన్నాను, మూతి వంకర పోతుందేమో చూద్దామని.

“నవ్వేటట్టు ఉన్నదా నా కత?”

“నవ్వు బాపూ, జర.”

నవ్వాడు. రెండు వైపులా సమానంగా, సమానమైన విసుగుతో. మాట తడబడలేదు. అది కొంత ధైర్యం. కానీ సరిగ్గా అప్పుడే సేఠ్ ఫోన్లు మొదలయ్యాయి.

“మాస్టర్‌జీ, పర్మిషన్ వస్తోంది. మగ్గాలు మళ్ళీ చాలూ చేయాలి. మగ్గం నడిపే కారీగర్ ఒక్కడూ లేడు. మీరున్నారు గదా?”

“ఆయేగా సేఠ్, ఆయేగా,” అని వస్తానన్నాడు బాపు. ఫోను ఎడమ చేతిలో ఉంది.

ఫోను పెట్టేశాక ఒక పోగు దారం తీసుకున్నాడు. తెగిన పోగును అతకడమే మా బాపు పనితనం. రెండు కొసలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దాటించి, మణికట్టును ఒక్క విదిలింపు విదిలిస్తే ముడి. చూసేవాళ్ళకు వేళ్ళు కదిలినట్టు కూడా తెలియదు. కొత్తగా వచ్చిన కారీగర్లను ముందు ఆయన పక్కనే నిలబెట్టి ఆ ముడి చూపిస్తారు. అందుకే సేఠ్ నోట ఆయన మాస్టర్‌జీ. ఆ సాయంత్రం దారం జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ జారింది. దారాన్ని మడిచి జేబులో పెట్టుకుని, “మగ్గం నడిపెటోడికి ముడి రాకుంటే వాడు వాచ్‌మెనే,” అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ఆయన మామూలుగా అన్న మాటలే నన్ను భయపెడతాయి.

ఆసుపత్రి పేరు ఎత్తితే ఇద్దరూ ఒప్పుకోలేదు. చెయ్యి కోసం వెళ్ళి ఊపిరితిత్తులు పోగొట్టుకుంటామా అన్నారు. ఆ రోజుల్లో ఆ వాదనకు జవాబు చెప్పగలిగినవాళ్ళు తక్కువ. నువ్వుల నూనె మర్దనా అయింది, వేడి ఇటుక కాపడం అయింది, తరవాత ఎర్తింగ్.

ఇక్కడ నా పరువుకు సంబంధించిన విషయం ఒకటి ఉంది. ఆ వారం నేను మేడ మీద పిల్లలకు చెబుతున్న పాఠం నరకణాలూ కండకణాలూ విద్యుత్ సంకేతాలను ఎలా పుట్టిస్తాయి అన్నదే. ఏటా చెప్పే పాఠం. బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, పరీక్షలో నాలుగు మార్కులకు సరిపడా చెప్పి వదిలేసేదాన్ని. అది నిజంగా ఎక్కడో జరుగుతుందని నాకు తెలుసు. మా ఇంట్లో జరుగుతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

బకెట్ పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

“బాపూ, ఒంట్ల కరెంటు ఉన్నది, నిజమే. అది దారం నుంచి వచ్చింది కాదు. ప్రతి కణం తనదే తయారు చేసుకుంటది.”

“దేంతోని?”

“ఉప్పుతోని.”

అమ్మ నా వైపు గర్వంగా చూసి బకెట్లో మరో గుప్పెడు వేసింది.

పాఠం ఇంతే. నరకణం పొరకు బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. పొరలోని పంపులు ఆగకుండా మూడేసి సోడియంలను బయటికి నెట్టి, రెండేసి పొటాషియంలను లోపలికి లాగుతుంటాయి. లోపలి పొటాషియం కొద్దికొద్దిగా బయటికి జారుతుంది. దాంతో బయటికంటే లోపల కాస్త రుణ విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఎంతంటే, వోల్టులో పదో వంతు కూడా ఉండదు. గల్లీ మొదట్లో వెదురుబొంగులు అడ్డం కట్టి పోలీసును కూర్చోబెట్టిన రోజులవి. సోడియం పరిస్థితి మాకు పుస్తకం లేకుండానే అర్థమయ్యేది. బయట గుంపు, మధ్యలో మూసిన గేటు. చిన్న కదలికకు గేటు తెరుచుకోదు. ఒక హద్దు దాటితే మాత్రం పూర్తిగా తెరుచుకుంటుంది. సోడియం తోసుకుంటూ లోపలికి వస్తుంది. సెకనులో వెయ్యో వంతు సేపు లోపలా బయటా తారుమారు. వెంటనే ఆ గేట్లు మూసుకుంటాయి, పొటాషియం బయటికి పోయి అంతా సర్దుకుంటుంది. కానీ ఈలోగా పక్క గేట్లకు ఆ తాకిడి తగిలింది, అవీ తెరుచుకున్నాయి. అలా ఆ అల నరం పొడవునా సాగిపోతుంది.

అంటే ఉప్పు, నీళ్ళు, విద్యుత్తు, కావలసిన మూడింటినీ మావాళ్ళు సమకూర్చారు. అవి ఉండవలసింది చర్మానికి అవతలి వైపు, అంతే తేడా.

“అయితే మరి లేస్తలేదెందుకు?” అన్నాడు బాపు.

అదే ప్రశ్న సూరత్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే నరాల డాక్టరమ్మ ఒకావిడ దొరికింది. కోస్తా ఆవిడ, ఊరికి కొత్త. వీడియోలో బాపు మోచేతిని చాచమంది, చెయ్యి ఎత్తమంది, బొటనవేలి వెనక చర్మం తాకి చూడమంది.

“పక్షవాతం కాదు బాబాయ్ గారూ. పైచేతి ఎముకకు ఆనుకుని ఒక నరం చుట్టి వస్తుంది. నిద్రలో అది నలిగిపోయింది. లోపలి తీగలు బతికున్నాయో లేదో తేలాలి. పైన తొడుగు మాత్రమే నలిగితే కొన్ని వారాల్లో చెయ్యి తిరిగొస్తుంది. లోపలి తీగలే పోతే నెలలూ పట్టొచ్చు, పూర్తిగా రాకపోనూవచ్చు. రెండు వారాలాగి రండి. ఇప్పుడే చేస్తే పరీక్ష సరిగా చెప్పదు.”

“గప్పటిదాంక ఈ తీగ ఉంచుకోనా?” అని బాపు మణికట్టు చూపించాడు.

డాక్టరమ్మ తెరకు దగ్గరగా వంగి చూసింది. “అదేంటండీ?”

నేను నెట్‌వర్క్ పోయిందన్నాను.

రెండు వారాల తరవాత స్కూటీ మీద బయల్దేరాం. పాండేసరలో అద్దకం మిల్లుల పొగగొట్టాలు ఊరికే నిలబడి ఉన్నాయి. బాపు వెనక కూర్చుని దారంతా వాటినే చూశాడు. క్లినిక్‌లో డాక్టరమ్మ మాస్కు, దాని మీద ఇంకో మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. అన్నిటి వెనక నుంచీ గొంతు సంబరంగా వచ్చింది.

“అబ్బ, ఎదురుగా తెలుగు విని ఎన్నాళ్ళయిందో! రండి బాబాయ్ గారూ. చిన్న కరెంటు ఇస్తాను, చురుక్కుమంటుంది.”

“కరెంటు పెడ్తవా?” బాపు నా వైపు తిరిగాడు. “ఉన్నది దించనీకి ఇన్నొద్దులు కొట్లాడితి. ఈ బిడ్డ ఇంకింత ఎక్కిస్తనంటది.”

ముంజేతి మీద రెండు బిళ్ళలు అతికించింది. అవి కండలో పుట్టే విద్యుత్తును పట్టుకుని తెర మీద గీతలా చూపిస్తాయి. ముందు పైచేతి దగ్గర, నలిగిన చోటుకు ఎగువన, రెండు మొనల పరికరం ఆనించి మీట నొక్కింది. బాపు ఉలిక్కిపడ్డాడు. చెయ్యి ఉలిక్కిపడలేదు. తెర మీద గీత చదునుగా సాగింది, మధ్యలో ఒక చిన్న వణుకు తప్ప. ఇంకాస్త పెంచి నొక్కింది. అదే వణుకు. బాపు తన చేతి వైపు, పరీక్ష తప్పిన పిల్లాడి తండ్రి చూసినట్టు చూశాడు.

తరవాత పరికరాన్ని మోచెయ్యి దగ్గరికి, నలిగిన చోటుకు దిగువకు తెచ్చింది. నొక్కింది.

చెయ్యి ఎగిరింది!

మణికట్టు, వేళ్ళు అన్నీ ఒక్కసారి పైకి లేచి పడ్డాయి. తెర మీద గీత గుర్రమెక్కినట్టు లేచి దిగింది. నేను కుర్చీలోంచి లేచానని తరవాత బాపు చెప్పాడు.

“నా మాట ఇనవు గానీ డాక్టరమ్మ మాట ఇంటవా!” అన్నాడు బాపు తన చేతిని చూస్తూ. “ఏ రోజు కలిసినవు ఆమె పార్టీల?”

“ఇంకోసారి!” అన్నాను నేను. అనవలసింది డాక్టరు. ఆవిడ నవ్వి ఇంకోసారి నొక్కింది. మళ్ళీ ఎగిరింది.

ఎగువన కొడితే రాదు, దిగువన కొడితే వస్తుంది. అంటే దిగువ నరం బతికే ఉంది. కండ బతికే ఉంది. వాళ్ళిద్దరి మధ్య మాటలు చక్కగా నడుస్తున్నాయి. పై నుంచి వచ్చే కబురు మధ్యలో ఒక చోట ఆగుతోంది, అంతే.

“బాపూ, జనతా కర్ఫ్యూ నాడు పళ్ళేలు కొట్టిన సాయంత్రం గుర్తున్నదా?”

“ఉన్నది. మీ అమ్మ కొత్త పళ్ళెం సొట్టపోయె.”

“మూల మీద ఇంట్ల మొదలువెట్టిన్రు. అది విని పక్కింటోళ్ళు, వాళ్ళను విని మనం. మన దాంక వచ్చేసరికి సప్పుడు తగ్గిందా?”

“ఎందుకు తగ్గుతది? ఎవరి పళ్ళెం వాళ్ళే కొడ్తిరి గదా.”

“నరంల కబురు గట్లనే పోతది. ఒక్క కరెంటు ఈ కొస నుంచి ఆ కొసకు ఉరకది. ప్రతి చోట కొత్తగా పుడ్తది. ఇప్పుడు నడుమ నాలుగిండ్లోళ్ళు పండుకున్నరనుకో?”

బాపు ఆలోచించాడు. “ఇవతలోళ్ళకు వినరాదు. కొట్టరు. గానీ నువ్వు పోయి ఇవతల ఒకింట్ల మొదలువెడితే గల్లీ కడదాంక కొడ్తరు.”

“అదే డాక్టరమ్మ చేసింది.”

“మరి నడుమోళ్ళు పండుకున్నరా, సచ్చిన్రా?”

“పడుకున్నారు బాబాయ్ గారూ,” అంది డాక్టరమ్మ. “పోతే ఈపాటికి కింది వీధి కూడా పోయేది. నరం మీద తొడుగు నలిగింది. అది మళ్ళీ కట్టుకుంటుంది. ఈ పళ్ళేల కథ నేను రేపటి నుంచి వాడుకుంటాను, ఏమీ అనుకోకండి.”

నేను ఏమీ అనుకోలేదు. నా జీవితంలో ఒక డాక్టరు నా పాఠం అడిగి తీసుకున్న రోజు అదొక్కటే. నా గురించి నేను మాత్రం కాస్త ఎక్కువే అనుకున్నాను.

ఇంకో పరీక్ష మిగిలింది. వెంట్రుకంత సూదిని ముంజేతి కండలోకి దింపింది. ఆ సూదికి వినపడేదంతా స్పీకరులో వస్తుందట. చెయ్యి ఊరికే ఉంచమంది. స్పీకరు కూడా ఊరికే ఉంది.

“ఇది మంచి సంగతి. నరం పోయిన కండ తనలో తను గొణుక్కుంటుంది. ఇది గొణగడం లేదు. ఇప్పుడు చెయ్యి పైకెత్తాలని చూడండి.”

“లేవదమ్మా.”

“లేవకపోనీండి. ఎత్తాలని చూడండి.”

బాపు కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు బిగుసుకున్నాయి. మణికట్టు వేలాడుతూనే ఉంది. పిసరంత కూడా కదల్లేదు.

టప్.

టప్. టప్.

స్పీకరులో ఎవరో తలుపు తడుతున్నట్టు.

బాపు కళ్ళు తెరిచాడు. “ఎవరు కొడ్తున్రు?”

“మీరే.”

ఒక్క నరకణం. నలిగిన చోటును ఎలాగో దాటుకుని కబురు కిందికి చేరవేస్తున్న ఒకే ఒక్క నరకణం. దాని కొస కండను చేరి చుక్క రసాయనం వదులుతుంది. అది తగిలి కండకణాల గేట్లు తెరుచుకుంటాయి. మళ్ళీ అదే సోడియం తోపులాట, అదే అల. ఆ అల కండ లోతుల్లోకి దిగి కాల్షియంను వదిలిస్తే కండ ముడుచుకుంటుంది. ఆ ఒక్క నరకణం కింద ఉన్న కండకణాలన్నీ కలిసి ఒకసారి మెరిస్తే ఒక టప్. చేతిని ఎత్తడానికి అది చాలదు. కానీ ఎత్తాలన్న కోరిక తల నుంచి బయల్దేరి ముంజేతి దాకా చేరిందని మా చెవులతో విన్నాం. నేనేటా గీసే బాణం గుర్తు, దానికి చప్పుడు ఉందని తెలియదు నాకు.

బాపు ఎత్తడం ఆపాడు. చప్పుడు ఆగింది. మళ్ళీ ప్రయత్నించాడు. టప్, టప్. ఆపాడు. ఆగింది. కొత్త టార్చిలైటు దొరికినవాడిలా ఆయన అలా వెలిగిస్తూ ఆర్పుతూ ఉంటే డాక్టరమ్మ బయట కూర్చున్న పేషెంట్లను గుర్తుచేయవలసి వచ్చింది. చివరగా పోల్చి చూడటానికి ఎడమ చేతిలో సూది పెట్టి బలంగా ఎత్తమంది. స్పీకరు ఒక్కసారిగా హోరెత్తింది. వందల టప్‌లు ఒకదాని మీద ఒకటి.

“ఓయమ్మ, గిది మన షెడ్డే!” అన్నాడు బాపు. అంత నిండుగా నవ్వడం నేను చూడక నెలలయింది. మాస్కు వెనక కూడా అది దాగలేదు.

చేతికి దన్నుగా పట్టీ కట్టారు. ఎర్తింగ్ మానేయమన్నారు. సేఠ్‌కు నేనే ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన, “మాస్టర్‌జీ వచ్చి నిలబడితే చాలు, ముడులు వేరేవాళ్ళు వేస్తారు,” అన్నాడు. మంచి మనిషి. ఆ మాట బాపుకు మాత్రం చెప్పలేదు.

తరవాత వారాలన్నీ ఎదురుచూపే. బాపు రోజూ పట్టీ తీసి, మణికట్టును బల్ల అంచున పెట్టి, ఎత్తాలని చూసేవాడు. ఏమీ జరగని రోజుల్లో, “పోయిందేమో బిడ్డా,” అనేవాడు. “కొడ్తున్నది లోపల, స్పీకర్ లేదంతే,” అనేదాన్ని. నాకూ ఖాయంగా తెలియదు. గొంతులో మాత్రం తెలిసినట్టే ఉండేది, టీచరు ఉద్యోగంలో అది సగం అర్హత.

ఒక రోజు పునశ్చరణ క్లాసుకు బాపును పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఫోను ఆయన ముంజేతి వైపు తిప్పి, నరం ఇక్కడ చుట్టి వస్తుంది, ఈ కండకు కబురు చేరాలి అని వివరిస్తున్నాను. కెమెరాలన్నీ ఆపి, మ్యూట్‌లో ఉండి, పిల్లలు ఎప్పటిలాగే ఉన్నారో లేరో తెలియని స్థితిలో ఉన్నారు. “అంకుల్ ఇప్పుడు ఎత్తాలని ప్రయత్నిస్తారు, చెయ్యి లేవదు, గమనించండి,” అన్నాను హిందీలో.

“మేడమ్, ఉఠా!” అని ఒక గొంతు, లేచిందని.

“అరే, హిలా, హిలా! అంకుల్ ఫిర్ సే!” కదిలిందట, మళ్ళీ ఎత్తాలట.

తిరిగి చూశాను. బల్లకూ అరచేతికీ మధ్య వేలు పట్టేంత సందు. బాపు ఊపిరి బిగబట్టి దాన్నే చూస్తున్నాడు. చెయ్యి వణికింది, పడింది, మళ్ళీ లేచింది. ఆ మహమ్మారి కాలమంతటిలో నా పిల్లలు అడక్కుండా మ్యూట్ తీసింది అప్పుడే. అందరూ ఒకేసారి అరిచారు. తను చెప్పింది తప్పయినందుకు ఏ టీచరూ అంత సంతోషించి ఉండదు. కింది నుంచి అమ్మ, “ఏమైంది, ఎవరికేమైంది?” అంటూ గరిటెతోనే పైకి పరుగెత్తుకొచ్చింది.

బాపు ఆమెకు చెయ్యి చూపించలేదు. జేబులోంచి దారం తీశాడు. ఆ రోజు ముడి పడలేదు. మర్నాడూ పడలేదు.

షెడ్డు తెరిచాక కొన్ని రోజులకు ఆయనకు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్ళాను. కొన్ని మగ్గాలే నడుస్తున్నాయి. అయినా చెవులు దిబ్బడేశాయి. బాపు మగ్గం ఆగి ఉంది, పోగు తెగింది. పక్క మగ్గం మీది మనిషి సాయానికి రాబోతే బాపు మోచేత్తో అడ్డుకున్నాడు. రెండు కొసలు పట్టుకున్నాడు. జారింది. మళ్ళీ పట్టుకున్నాడు. మునుపు కళ్ళకు అందని పని ఇప్పుడు వేలు వేలుగా కనిపించింది. బొటనవేలు మెల్లగా తెరుచుకుంది, పోగు దాటింది, మణికట్టు బద్ధకంగా ఒక్క విదిలింపు విదిలించింది. బాపు దారాన్ని లాగి చూశాడు. నిలిచింది.

మీట లాగాడు. మగ్గం కదిలింది.

నేను దగ్గరికి వెళ్ళి ఏదో అరిచాను. ఆయనా ఏదో అరిచాడు. ఒకరి మాట ఒకరికి వినపడలేదు. చివరికి, మగ్గానికి అడ్డం నిలబడ్డానని కాబోలు, ఒకప్పుడు వేలాడిన ఆ కుడిచేతి వెనక భాగంతో గాలిని రెండుసార్లు పైకి ఎగదోశాడు, జరుగు జరుగు అని.

జరిగాను.